ఫాస్ట్ ఫుడ్ మెనూలో కొత్త ఐటమ్‌ని మొదటిసారి తినడం ఎలా? బెంగళూరు తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో ఏ మాల్‌లోకి వెళ్లినా, మారతహళ్లిలో ఏ వీధి మలుపు తిరిగినా, ఏదో ఒక ఫాస్ట్ ఫుడ్ షాపు అద్దం మీద కొత్త పోస్టర్ కనిపిస్తుంది. కొత్త బర్గర్, కొత్త సాస్, కొత్త రకం చికెన్. కొత్త రుచులకు ఈ ఊరు ఎప్పుడూ ముందే ఉంది. కేఎఫ్‌సీ మన దేశంలో మొదటి షాపు 1995లో ఇక్కడి బ్రిగేడ్ రోడ్డులోనే తెరిచింది. మరుసటి ఏడాది పిజ్జా హట్ కూడా దేశంలో తన తొలి షాపు ఇక్కడే పెట్టింది. 2022లో ఫ్రైడ్ చికెన్ అమ్మే పాపాయిస్ కోరమంగళలో మొదలైంది. వీటన్నిటికంటే ముందే, 1980ల నుంచి, నిలబడి ఇడ్లీ తిని కాఫీ తాగి వెళ్లిపోయే దర్శినిలు ఇక్కడ వాడవాడలా వచ్చాయి.

అయినా కొత్త ఐటమ్‌ని సరిగ్గా రుచి చూసేవాళ్లు తక్కువే. చాలామంది పీజీ గదిలో కూర్చుని యాప్‌లో ఆర్డర్ పెడతారు. అది అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మెత్తబడి వస్తుంది. నాలుగు ముద్దలు తిని "ఏం బాలేదు" అనేస్తారు. బాగాలేనిది ఆ ఐటమా, దాని ప్రయాణమా అన్నది తేలకుండానే డబ్బు అయిపోతుంది. నేను గట్టిగా నమ్మే పద్ధతి ఒక్కటే: మొదటిసారి షాపుకే వెళ్లాలి, అప్పుడే చేసింది తీసుకోవాలి, కాంబోలో కాకుండా విడిగా తీసుకోవాలి, అందులో ఏమీ మార్చకుండా తినాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ నాలుగూ కుదరడం కోసమే.

మొదటి మెట్టు: అందులో నిజంగా కొత్తది ఏమిటో చూసుకోండి

పోస్టర్ మీద పెద్ద అక్షరాలను వదిలేసి, ఫొటో కింద ఉన్న చిన్న వర్ణన చదవండి. అందులో ముక్క (బన్ను మధ్య పెట్టే ప్యాటీ) పేరు, బన్ను పేరు, సాస్ పేరు విడివిడిగా ఉంటాయి. ముక్క పాతదే, బన్ను పాతదే, సాస్ మాత్రమే మారిందంటే, మీరు కొత్త సాస్ రుచి చూడబోతున్నారన్నమాట. మెనూల్లో వచ్చే మార్పుల్లో ఈ రకమే ఎక్కువగా కనిపిస్తుంది. కారణం కూడా సులువుగానే అర్థమవుతుంది. కొత్త సాస్ పెట్టడానికి వంటగదిలో కొత్త మెషిన్ అక్కర్లేదు, సిబ్బందికి పెద్దగా శిక్షణ అక్కర్లేదు, అమ్ముడుపోకపోతే తీసేయడం తేలిక. ఇలాంటి దానికి పూర్తి బర్గర్ కొనాల్సిన పని లేదు. సాస్‌ని విడిగా డిప్‌లా అమ్ముతుంటే అదొకటి తీసుకుని, మామూలు ఫ్రైస్‌తో రుచి చూస్తే సరిపోతుంది.

ముక్కో బన్నో మారితే మాత్రం అది వేరే సంగతి. దక్షిణ, పశ్చిమ భారతంలోని మెక్‌డొనాల్డ్స్ 2024లో చిరుధాన్యాల బన్ను తెచ్చింది. 2025లో సోయా, బఠాణీ ప్రోటీన్లతో చేసిన బర్గర్‌లో అదనంగా వేయించుకునే శాకాహార ప్రోటీన్ స్లైస్ తెచ్చింది. రెండింటి తయారీలోనూ మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) పాలుపంచుకుంది. ఒక్కో స్లైస్‌లో 5 గ్రాముల ప్రోటీన్ ఉంటుందని మెక్‌డొనాల్డ్స్ చెప్పింది. ఇలాంటివి వచ్చినప్పుడు పాత బర్గర్ రుచి గుర్తున్నవాళ్లకే తేడా బాగా తెలుస్తుంది. రాగి సంగటి, జొన్న రొట్టె తిని పెరిగినవాళ్లు చిరుధాన్యాల బన్నులో ఆ ధాన్యపు రుచి కోసం వెతుకుతారు. అందులో గోధుమ పిండి కూడా ఉంటుందని, మెత్తదనం కోసమే అలా చేస్తారని ముందే తెలిస్తే అంచనా సరిగ్గా ఉంటుంది.

ఇంకో రెండు రకాలున్నాయి. పోయినేడాది తీసేసిన ఐటమ్ మళ్లీ రావడం ఒకటి, ఉన్నదాన్నే పెద్ద సైజులోనో రెండు ముక్కలతోనో ఇవ్వడం ఇంకొకటి. పాతది మీరు తిని ఉంటే వీటి కోసం పనిగట్టుకుని వెళ్లనక్కర్లేదు.

రెండో మెట్టు: గుర్తులు, అలర్జీలు, కేలరీలు

ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. పాత బోర్డుల మీద త్రిభుజం బదులు గోధుమరంగు చుక్కే ఉండొచ్చు. మన నిబంధనల ప్రకారం గుడ్డు కూడా మాంసాహారం కిందికే వస్తుంది. కాబట్టి సాస్‌లో గుడ్డుతో చేసిన మేయోనైజ్ ఉంటే ఆకుపచ్చ గుర్తు వేయకూడదు.

గుర్తు చెప్పని విషయం ఒకటుంది: ఏ నూనెలో వేయించారన్నది. శనివారం నీచు ముట్టనివాళ్లు, కార్తీక మాసం పాటించేవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. వాళ్లకు పనీర్ ముక్క ఒక్కటే శాకాహారమైతే చాలదు. మెక్‌డొనాల్డ్స్ మన దేశంలో వెజ్, నాన్‌వెజ్ తయారీని వేరుగా ఉంచుతుంది. మిగతా చోట్ల మొహమాటం లేకుండా అడగండి: "అన్నా, ఇది చికెన్ వేయించిన నూనెలోనే వేస్తారా?" అన్నా అనే పిలుపు తెలుగు, కన్నడ, తమిళం మాట్లాడే ఎవరికైనా సరిపోతుంది. చాలా కౌంటర్లలో తెలుగు అర్థం చేసుకునేవాళ్లు ఒకరైనా ఉంటారు. లేకపోతే "ఇదరల్లి మొట్టె ఇదెయా?" అంటే ఇందులో గుడ్డు ఉందా అని కన్నడంలో అడిగినట్టే. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి తెలియకపోతే మేనేజర్‌ని పిలవమనండి. కొత్త ఐటమ్ విషయంలో సిబ్బందికీ అన్నీ తెలియకపోవడం సహజం. అందుకే "ఉండదనుకుంటా సార్" అన్న జవాబును ఒప్పుకోకండి, ముఖ్యంగా అలర్జీ ఉన్నవాళ్లు. గోధుమ, పాలు, గుడ్డు, సోయా, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, చేప, రొయ్య: వీటిలో ఏది పడకపోయినా కొత్త సాస్‌ని అనుమానంగానే చూడాలి. సాస్‌లో ఏం కలిసిందో కళ్లకు కనిపించదు.

ఇక కేలరీలు. పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల షాపులున్న సంస్థలు మెనూలో ప్రతి ఐటమ్ పక్కన కేలరీలు వేయాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఇది 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. చురుగ్గా ఉండే సగటు పెద్ద మనిషికి రోజుకు 2000 కిలోకేలరీలు కావాలన్న వాక్యం కూడా అక్కడే రాసి ఉండాలి. బర్గర్ పక్కన ఉన్న అంకెను ఈ 2000తో పోల్చి చూడండి. ఉప్పు సంగతి బోర్డు మీద ఉండదు, సంస్థ వెబ్‌సైట్‌లోని పోషక వివరాల పట్టికలో సోడియం పేరుతో ఉంటుంది. రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఆ పట్టికను ఇంట్లోనే ఒకసారి చూసుకుని బయల్దేరండి.

మూడో మెట్టు: ఏ షాపు, ఏ వేళ

పోస్టర్ పడిన మొదటి రెండు రోజులు ఆగండి. అప్పటికి సిబ్బంది చేతికి కొలత అలవాటై ఉండదు. సాస్ ఒకరు ఎక్కువ వేస్తారు, ఇంకొకరు తక్కువ. వారం గడిస్తే చేయి కుదురుతుంది.

వేళ విషయంలో కొంచెం వంటగది లెక్క తెలియాలి. రద్దీ వేళల్లో ముక్కలు వేయించిన వెంటనే అమ్ముడుపోతాయి కాబట్టి వేడిగా ఉంటాయి, కానీ హడావుడిలో బర్గర్‌ని ఎలా పడితే అలా చుట్టేస్తారు. జనం పల్చగా ఉన్న వేళల్లో పొందిగ్గా చేస్తారు, కానీ ముందే వేయించిన ముక్క వేడి పెట్టెలో కూర్చుని ఉండొచ్చు. నా ఓటు జనం తక్కువగా ఉండే వేళకే, ఒక షరతుతో. మామూలు రోజు మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య వెళ్లి, "కొత్తగా వేయించి ఇవ్వండి, ఎంతసేపైనా ఆగుతాను" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం మిగతా జాగ్రత్తలన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది. రద్దీ లేనప్పుడు దాదాపు ఎవరూ కాదనరు.

శనివారం సాయంత్రం వైట్‌ఫీల్డ్, కోరమంగళ మాల్స్‌లోని ఫుడ్ కోర్టులకు ఈ పని మీద వెళ్లకండి. ఆ గోలలో రుచి మీద దృష్టి నిలవదు, టేబుల్ దొరికేలోపు తిండి చల్లారిపోతుంది. వీధి మీద సొంత వంటగది, కూర్చునే చోటు ఉన్న షాపు మేలు.

డెలివరీ ఎందుకు వద్దంటున్నానో కూడా చెబుతాను. వేయించిన ముక్క లోపల తడి ఉంటుంది, పైన పూత పొడిగా ఉంటుంది. డబ్బా మూత పడగానే ఆవిరి బయటికి పోలేక ఆ పూతలోకే ఇంకుతుంది. సాస్ తడి బన్నులోకి దిగుతుంది. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి నిమిషమూ ఇదే జరుగుతుంటుంది. దీనికి డెలివరీ కుర్రాళ్లు చేయగలిగేది ఏమీ లేదు.

నాలుగో మెట్టు: ఆర్డర్

స్క్రీన్ మీద ఆర్డర్ చేస్తే అది వరసగా అడుగుతుంది: మీల్ చేయాలా, పెద్ద సైజు కావాలా, చీజ్ కలపాలా, చివర్లో ఒక డెజర్ట్ కావాలా? మొదటిసారి అన్నిటికీ వద్దు అనే నొక్కండి. ఫ్రైస్ ఉప్పు, కోలా తీపి నోట్లో ఉండగా కొత్త బర్గర్ రుచి తెలియదు. పైగా 300 మి.లీ. మామూలు కోలాలో 30 గ్రాములు దాటి చక్కెర ఉంటుంది. మంచినీళ్లు చాలు, అవి కూడా ఐసు లేకుండా. బాగా చల్లటివి తాగితే నాలుక కాసేపు మొద్దుబారి, తీపి సరిగ్గా తెలియదు.

"ఉల్లిపాయ తీసేయండి, సాస్ తగ్గించండి, ఇంకో స్లైస్ వేయండి" అనే మార్పులు రెండోసారికి ఉంచుకోండి. అలర్జీ, ఆచారం ఉన్నచోట తప్ప, తయారుచేసినవాళ్లు అనుకున్న రూపంలో ఒక్కసారైనా తినడం న్యాయం.

ఇద్దరు వెళ్తే ఒకరు కొత్తది, ఇంకొకరు అదే జాతికి చెందిన పాతది తీసుకుని సగం సగం పంచుకోండి. పాతది పక్కన ఉంటే కొత్తదాని గుణం, లోపం రెండూ చప్పున తెలుస్తాయి. నలుగురు వెళ్లినా కొత్తది రెండు మించి వద్దు.

ధర దగ్గర రెండు మాటలు. షాపులో తింటే బిల్లు మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది. యాప్‌లో ధరలే షాపు ధరల కంటే ఎక్కువగా ఉండటం మామూలు, దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ చార్జీలు చేరతాయి. కూపన్ ఉంటే తప్పకుండా వాడుకోండి, కానీ అసలు ధర కూడా గుర్తుపెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

ఐదో మెట్టు: చేతికి వచ్చాక

చుట్టిన కాగితం మీద స్టిక్కరో, గుర్తో చూసి, మీరు అడిగినదే ఇచ్చారని నిర్ధారించుకోండి. ముఖ్యంగా వెజ్, నాన్‌వెజ్ పేర్లు ఒకేలా ఉన్నప్పుడు. బిల్లు పారేయకండి. కాగితం విప్పి బన్ను పైభాగం ఒకసారి ఎత్తండి. సాస్ ఒక మూలే ఉందా, అంతటా పరుచుకుందా? ఆకు వాడిందా? ముక్క బన్ను అంచు దాకా ఉందా? ఫొటో కావాలంటే ఇప్పుడే ఒకటి తీసుకుని ఫోన్ పక్కన పెట్టండి. చీజ్ ఉన్నదైతే ఒక నిమిషం ఆగితే నోరు కాలదు.

ఆరో మెట్టు: తినడం

ఇంతవరకూ చెప్పిందంతా ఈ పది నిమిషాల కోసమే, కాబట్టి నిదానంగా చేయండి.

ముందు వాసన చూడండి. నూనె తాజాగా ఉంటే మసాలా వాసన ముందు వస్తుంది. నూనె కమురు వాసన మసాలాను దాటి వస్తుంటే, ఆ షాపులో ఆ రోజు నూనె పాతబడిందని అర్థం.

తర్వాత విడివిడిగా. ముక్క అంచు నుంచి చిన్న తునక తుంచి, సాస్ తగలకుండా నోట్లో వేసుకోండి. కరకరలాడుతోందా, లోపల రసం ఉందా, ఉప్పు పూతలో ఉందా, మాంసం దాకా దిగిందా? వేలితో సాస్ కొంచెం నాకండి. బన్ను అంచు ఒకటి తినండి. ఇలా చేస్తే బర్గర్‌లో ఏ రుచి ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. మన భోజనంలో పప్పు, కూర, పచ్చడి విడివిడిగా రుచి చూసి కలుపుకున్నట్టే ఇదీ.

ఇప్పుడు అన్నీ కలిసేలా మధ్య దాకా కొరకండి. అంచు దగ్గర కొరికిన మొదటి ముద్దలో బన్నే ఎక్కువ ఉంటుంది, కాబట్టి దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. రెండు, మూడు ముద్దలే అసలు పరీక్ష.

కారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనవాళ్లు ఇక్కడే ఎక్కువగా నిరాశపడతారు. పోస్టర్ మీద మంటలు, మిరపకాయలు గీసి ఉంటాయి. తీరా తింటే "ఇదేం కారం!" అనిపిస్తుంది. గొడ్డుకారం, ఆవకాయ తిన్న నాలుకకు అలా అనిపించడంలో తప్పులేదు. అయితే మిరపలోని కాప్సైసిన్ మంట నెమ్మదిగా పెరుగుతుంది. మొదటి ముద్దకు ఏమీ తెలియకపోయినా, నాలుగో ముద్దకు పెదాలు చురుక్కుమంటాయి. కాబట్టి రెండు నిమిషాలు ఆగి చూడండి. ఎంత మండింది అన్నదానికంటే ఆ కారానికి రుచి ఉందా అన్నది చూడండి. మిరియాల ఘాటా, ఎండుమిర్చి కమ్మదనమా, వెనిగర్ పులుపును కారం అనుకుంటున్నామా? నా అభిప్రాయంలో ఒట్టి మంట ఉన్నదానికంటే, తక్కువ కారమైనా వేయించిన మిర్చి వాసన వచ్చేదే మంచి సాస్. పిల్లలకు మరీ మండితే నీళ్లతో తగ్గదు, ఎందుకంటే కాప్సైసిన్ నీటిలో కరగదు. పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్ లాంటివి పని చేస్తాయి.

సగం అయ్యాక ఒకసారి ఆగండి. తీపి ఎక్కువున్న సాస్‌లు మొదట్లో బాగా అనిపించి, సగం దాటాక వెగటు పుట్టిస్తాయి. ఇంకా తినాలనిపిస్తోందా, కొన్నాం కాబట్టి తింటున్నామా అని మిమ్మల్ని మీరే అడగండి. ఇక్కడ వచ్చే జవాబు మొదటి ముద్ద కంటే నమ్మదగింది.

చివరి నాలుగో వంతు పక్కన పెట్టి పది నిమిషాలు కబుర్లు చెప్పుకోండి. తర్వాత తినండి. చల్లారాక కూడా బాగుంటే ఆ ఐటమ్‌ని డెలివరీకి పెట్టుకోవచ్చు, పార్శిల్ తెచ్చుకోవచ్చు. సాగిపోయి, నూనె తేలితే దాన్ని ఎప్పుడూ షాపులోనే తినండి. ఈ చిన్న పరీక్ష తర్వాత చాలా డబ్బు మిగులుస్తుంది.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను తీసుకెళ్లినప్పుడు ఈ పద్ధతంతా వాళ్ల మీద రుద్దొద్దు. "అత్తయ్యా, ఒక ముక్క రుచి చూడండి, నచ్చకపోతే మీకు కింద దర్శినిలో దోసె తీసుకుంటా" అని ముందే చెప్పేస్తే వాళ్లకు టెన్షన్ ఉండదు, మొహమాటానికి తినరు. అలా తిన్నప్పుడు వాళ్లు చెప్పే మాట ఉన్నదున్నట్టు ఉంటుంది. ఉప్పు ఎక్కువైంది, పిండి పచ్చిగా ఉంది లాంటివి మనకంటే వాళ్లే ముందు పట్టేస్తారు.

ఏడో మెట్టు: మళ్లీ తినాలా, వద్దా

ఫోన్‌లో మూడు ముక్కలు రాసుకోండి: ఏది బాగుంది, ఏది బాలేదు, కూపన్ లేకుండా పూర్తి ధరకు మళ్లీ కొంటానా. మూడోదే అసలు ప్రశ్న. సగం ధరకు నచ్చినదంతా పూర్తి ధరకు నచ్చదు. చల్లగా ఉండటం, సాస్ సరిగ్గా పరుచుకోకపోవడం లాంటి లోపాలైతే అవి ఆ షాపువి. ఇంకో షాపులో ఇంకో అవకాశం ఇవ్వండి. రుచే నచ్చకపోతే ఇవ్వనక్కర్లేదు.

మిగిలింది ఇంటికి తెస్తే, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. వేడిచేసేటప్పుడు ఆకు తీసేసి, ముక్కను పెనం మీద సన్నని మంటపై రెండు వైపులా లోపలి దాకా వేడెక్కేలా కాల్చండి. బన్నును చివర్లో అర నిమిషం వేడిచేస్తే చాలు. మైక్రోవేవ్‌లో పెడితే పూత మెత్తబడుతుంది.

తేడా వస్తే

చికెన్ లోపల పచ్చిగా ఉన్నా, వెంట్రుకో పురుగో కనిపించినా, వెజ్ బదులు నాన్‌వెజ్ ఇచ్చినా తినడం వెంటనే ఆపండి. ప్లేటు అలాగే ఉంచి ఫొటో తీసి, మేనేజర్‌ని పిలవండి. గొంతు పెంచకుండా, మార్చి ఇస్తారో డబ్బు వెనక్కి ఇస్తారో అడగండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటుంది, అది పెట్టి ఆ సంస్థ ఫిర్యాదుల వేదిక ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు విషయమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

నచ్చినప్పుడు కూడా చెప్పండి. బిల్లు మీద అభిప్రాయం అడిగే లింకు ఉంటే "బాగుంది" అని వదిలేయకుండా, షాపు ఎక్కడ, ఏ వేళ తిన్నారు, ఏది నచ్చిందో రెండు వాక్యాలు రాయండి. వండినవాళ్లకు అదే పనికొస్తుంది. పోస్టర్ కింద "పరిమిత కాలం" అని ఉంటే చివరి తేదీ దాకా ఆగకండి, నిల్వ అయిపోతే కొన్ని షాపుల్లో ముందే ఆపేస్తారు. నచ్చినవాళ్లు ఆ వారంలోనే మళ్లీ వెళ్లి, ఈసారి ఉల్లిపాయ తీయించో, స్లైస్ ఎక్కువ వేయించో, మీకు కావాల్సినట్టు చేయించుకుని తినండి.